ఒక్క బొమ్మరైలైనా కట్టుకోలేదు

ఉదయగిరి, సీతారామపురం, దుత్తలూరు, వింజమూరు, ఆత్మకూరు, మర్రిపాడు. నెల్లూరు జిల్లా పడమటి మెట్ట అంటే ఈ ఊళ్లే. ఇక్కడ పుట్టి, నాలుగక్షరాలు నేర్చి, పదిమందిలో మాట చెల్లే స్థితికొచ్చిన మా తరం మీద ఒక నేరం ఉంది. దాన్ని మోపుతున్నది నేనే. ముద్దాయిల్లో, బడిపంతులుగా పనిచేసిన నేనూ ఒకణ్ని. రైలు కావాలని అడిగీ అడిగీ మా గొంతులు ఆరిపోయాయి. ఆ రైలు ఎట్లా నడుస్తుందో పిల్లలకు చూపించడానికి మాత్రం ఒక గది, ఒక బల్ల, నాలుగు గజాల బొమ్మ పట్టాలు సమకూర్చలేదు. సమకూర్చాలన్న ఆలోచన కూడా మాకు రాలేదు.

ఇది చిన్న సంగతిగా కనిపిస్తుంది. తాగునీటికి అల్లాడే మండలాల్లో బొమ్మరైళ్ల గోలేమిటని అడిగేవాళ్లుంటారు. చాలాకాలం నేనూ అట్లాగే అనుకున్నాను. అందుకే ముందుగా ఆ బొమ్మరైళ్ల క్లబ్బుల సంగతి చెప్పాలి.

నర్రవాడ వెంగమాంబ తిరునాళ్లలో కొనిచ్చే కీ రైలు వేరు, క్లబ్బులవాళ్లు కట్టే రైలు వేరు. వాళ్లు కట్టేది అసలు రైలుమార్గానికి కొలత తప్పని నమూనా. లోకంలో ఎక్కువమంది వాడే కొలత 1:87. నేలమీద 87 అడుగులు బల్లమీద ఒక్క అడుగవుతుంది. దీన్ని హెచ్‌ఓ స్కేలు అంటారు. పదిమంది ఒక గది అద్దెకు తీసుకుంటారు. ఒకరికి వడ్రంగం వస్తుంది, ఒకరికి కరెంటు పని వస్తుంది, ఒకరు కొండలకు రంగు వేస్తారు, రిటైరైన రైల్వే ఉద్యోగి ఎవరైనా ఉంటే టైంటేబులు రాస్తారు. వారానికో సాయంత్రం కలుస్తారు. ఏళ్ల తరబడి కడుతూనే ఉంటారు. అందులోకి వచ్చిన పిల్లవాడికి టంకం పెట్టడం, మ్యాపు చదవడం, వాలు లెక్కగట్టడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, పక్కవాడి తప్పును కోపం లేకుండా సరిదిద్దడం అలవాటవుతాయి. బడిలో వీటిలో చాలావాటికి మార్కులు లేవు.

మన దేశంలోనే పుణెలో, జోషి అనే రైలు ప్రేమికుడు జీవితమంతా కూడబెట్టిన నమూనాలతో 1998లో చిన్న రైళ్ల మ్యూజియం వెలిసింది. అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థులు 1946లో పెట్టుకున్న టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్బు సంగతి ఇంకా గొప్పది. అందులో కొందరికి కొండలూ ఇళ్లూ పట్టేవి కావు. వాళ్లది బల్లకిందే కాపురం. టెలిఫోను ఎక్స్ఛేంజీల్లో వాడే రిలేలు తెచ్చి, ఏ రైలు ఏ పట్టామీదికి పోవాలో తీగలే తేల్చుకునేట్టు అల్లారు. 1950ల చివర్లో అక్కడి విద్యార్థులకు కంప్యూటరు అందుబాటులోకి వచ్చినప్పుడు, బల్లకింద ఆరితేరిన ఆ చేతులే దానిమీదికి పోయాయి. హ్యాకర్ అనే మాటను కంప్యూటరువాళ్లు వాడే అర్థం అక్కడినుంచే వచ్చిందంటారు. 1962 నాటికి స్పేస్‌వార్ అనే కంప్యూటరు ఆట రాసిన కుర్రాళ్లలో కొందరు ఆ బల్లకింద నుంచి లేచి వచ్చినవాళ్లే.

ఇది చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. మా ఊళ్లలో పొలం అమ్మి మరీ పిల్లల్ని కంప్యూటరు చదువులకు అమెరికా పంపాం. ఏ సంస్కృతి నుంచి ఆ చదువు పుట్టిందో దాని వేర్లలో ఒకటి మాత్రం ఒక బొమ్మరైళ్ల గదిలో ఉంది. ఆ గదిని మా పిల్లలకు ఇవ్వకుండానే ఫలితాన్ని వాళ్లనుంచి ఆశించాం.

మా దగ్గర లేనిదేమిటి? సామాన్లు లేవు, డబ్బు లేదు, నేర్పేవాళ్లు లేరు అని చెప్పుకుంటూ వచ్చాం. ఒక్కొక్కటీ అబద్ధమే.

ముందు చేతుల సంగతి. ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసే కుటుంబాలున్నాయి. ఎక్కువగా ముస్లిం కుటుంబాలు, పనిలో ఎక్కువమంది ఆడవాళ్లు. దుర్గం కొండల నుంచి వచ్చే నర్ది, బిక్కి, కల్ది లాంటి చెక్కలతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు, దువ్వెనలు చేస్తారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన కళ అది. చిన్న రంపం, ఉలి, ఆకురాయి, ఉప్పుకాగితం, ఇవే పనిముట్లు. ఒకసారి కూర్చుని చూశాను. చెంచా గిన్నెకీ కాడకీ మధ్య మెడ దగ్గర ఆమె ఆకురాయి తగ్గించింది. ఒక్కసారి రుద్ది, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూసి, మళ్లీ రుద్దింది. మెడ పెన్సిలంత సన్నబడింది. ఇంకో రెండు తోపులు ఎక్కువైతే విరిగిపోతుంది. కొలబద్ద లేదు, గుర్తు గీత లేదు. పక్కనే దువ్వెన పళ్లు కోస్తున్న ఇంకో ఆవిడ పన్నుకీ పన్నుకీ మధ్య సందు చూపుతోనే సమానంగా పెట్టుకుంటూ పోతోంది.

ఇప్పుడు రైలు లెక్క చూడండి. మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19.26 మిల్లీమీటర్లు వస్తుంది. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాలు మాత్రం 16.5 మిల్లీమీటర్లవి. యూరప్, అమెరికాల గేజి 1435 మిల్లీమీటర్లు గనక వాళ్ల లెక్క ప్రకారం తయారైనవి అవి. అందువల్ల భారతీయ రైలు నమూనా కట్టుకునేవాళ్లు తరచుగా సన్నపట్టాలమీద మన బండిని నిలబెట్టి సర్దుకుంటారు. మన రైలుమార్గాన్ని నిజంగా మన కొలతలో కట్టాలంటే స్లీపర్లు చేత్తో కోసుకోవాలి, పట్టా చేత్తో దించుకోవాలి. కాంక్రీటు స్లీపరు పొడవు 2.75 మీటర్లు. 1:87లో అది మూడు సెంటీమీటర్ల పైచిలుకు చెక్కముక్క. అట్లాంటివి వందలు, ఒకే మందంతో, ఒకే ఎడంతో కావాలి. దువ్వెన పళ్లు కోసే చేతికి అది కొత్త విద్య కాదు. అంటే మా బ్రాడ్‌గేజిని సరిగ్గా కట్టగల చేతులు ఉదయగిరిలోనే ఉన్నాయి. ఆ చేతులకు మేం చెంచాకు మించి ఒక్క పని చెప్పలేదు. గుర్తింపు వచ్చిన రోజు ఫ్లెక్సీ కట్టాం, ఫోటో దిగాం, చుట్టాలకిచ్చేందుకు రెండు సెట్లు కొన్నాం. ఆ ఆడవాళ్లలో ఒకరినైనా బడికి పిలిచి, అమ్మా, మా ఎనిమిదో తరగతి పిల్లలకు ఆకురాయి పట్టడం చూపించమ్మా అని అడిగామా? అడగలేదు. వాళ్ల పిల్లలే మా తరగతిలో వెనక బెంచీలో కూర్చునేవాళ్లు. వాళ్ల ఇళ్లలో ఉన్న విద్యను మేం విద్యగా లెక్కించలేదు. క్రాఫ్టు పీరియడు వస్తే దాన్ని లెక్కల మాస్టారికి ఇచ్చేసేవాళ్లం. అందులో నా సంతకం ఉన్న టైంటేబుళ్లూ ఉన్నాయి.

మన రాష్ట్రంలోనే ఏటికొప్పాకలో అంకుడు కర్రకు లక్క పట్టించి బొమ్మలు చేస్తారు, కొండపల్లిలో తెల్ల పొణికితో చేస్తారు. ఏటికొప్పాక కళకు సహజ రంగుల్ని తిరిగి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ ఊళ్లో చదువుకున్నవాళ్లు కళ పక్కన నిలబడ్డారు. మా ఊళ్లో చదువుకున్నవాళ్లం దానికి ఎదురుగా నిలబడి బేరమాడాం.

నేర్పేవాళ్ల సంగతి. మా జిల్లాలోనే బిట్రగుంట ఉంది. స్టీము ఇంజన్ల కాలంలో అక్కడ పెద్ద లోకోషెడ్డు ఉండేది, పెద్ద యార్డు ఉండేది. ఊరంటే రైల్వేనే. డ్రైవర్లు, ఫిట్టర్లు, పాయింట్స్‌మెన్, గార్డులు. కరెంటు ఇంజన్లు వచ్చాక ఆ షెడ్డు వెలవెలబోయింది. రిటైరైన మనుషులు మాత్రం ఇళ్లలో ఉన్నారు. బాయిలర్లో నీటిమట్టం తగ్గితే ఏమవుతుందో, గూడ్సుని ఎక్కడ విడదీసి ఎక్కడ కలపాలో చెప్పగలిగినవాళ్లు వాళ్లు. ఆత్మకూరు నుంచి నెల్లూరు వెళ్లి, అక్కడినుంచి ఇంకో బస్సెక్కితే చాలు. ఒక్క ఆదివారం ఒక్క పెద్దాయన్ని తీసుకొచ్చి మా పిల్లల ముందు కూర్చోబెట్టలేదు. వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఆ పరిజ్ఞానం వాళ్లతోనే కాటికి పోయింది. చాలా బొమ్మరైళ్ల క్లబ్బులకు వెన్నెముక ఇట్లాంటి పెద్దవాళ్లే. మాకు అందుబాటులో ఉన్న వెన్నెముకను మేం తాకలేదు.

ఇక రైలు సంగతి. నెల్లూరు మీదుగా విజయవాడకూ మద్రాసుకూ రైలుమార్గం కలిసింది 1899లో. నూట పాతికేళ్లు దాటిపోయాయి. మా మెట్టవాళ్లు రైలెక్కాలంటే ఇప్పటికీ కావలికో నెల్లూరుకో పోవాల్సిందే. మా అవ్వల కాలంలో రైలు చూడకుండానే పోయినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. అందుకే రైలు అడగడం మా హక్కు. ఆ హక్కు గురించి నాకు అనుమానం లేదు. 2011-12 రైల్వే బడ్జెట్టులో నడికుడి–శ్రీకాళహస్తి లైను మంజూరైంది. 309 కిలోమీటర్లు. పల్నాడులో బయల్దేరి, ప్రకాశం మెట్ట దాటి, పామూరు వైపు నుంచి మా దగ్గరికి వచ్చి, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి మీదుగా శ్రీకాళహస్తి చేరాలి. ఖర్చులో సగమూ భూమీ రాష్ట్రం పెట్టాలని ఒప్పందం. పల్నాడు వైపు ముందుగా పట్టాలు పడ్డాయి. మా వైపు ముందుగా వచ్చినవి సర్వే రాళ్లు.

ఆ రాళ్లు పడ్డప్పుడు మేం ఏం చేశాం? ఎకరా ఎంతకు పోతుందని అడిగాం. స్టేషను ఏ సర్వే నంబర్లో పడుతుందని అడిగాం. స్టేషను పడేచోట ముందుగా రెండెకరాలు కొనిపెట్టుకున్నవాళ్లు మాలోనే ఉన్నారు. భూమి పోయే రైతు నష్టపరిహారం అడగడం న్యాయమే, దాన్ని నేను తప్పు పట్టడం లేదు. భూమి పోనివాళ్లం, జీతాలున్నవాళ్లం, పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లం కూడా ధర తప్ప ఇంకేమీ అడగలేదు. సర్వే చేసే ఇంజనీరు మూడుకాళ్ల యంత్రం పెట్టి మా బడి వెనకే నిలబడ్డాడు. ఆయన్ని లోపలికి పిలిచి, అయ్యా, లైను ఇక్కడ ఎందుకు వంగింది, ఆ గుట్టను ఎందుకు తప్పించారు, వాగుమీద ఎన్ని ఖానాల వంతెన కడతారు అని పిల్లలచేత అడిగించే అవకాశం చేతికొచ్చింది. టీ కూడా ఇవ్వలేదు ఆయనకు.

అప్పట్లో ఓ పిల్లవాడు నన్ను అడిగాడు. బండి వంపు తిరిగేచోట రెండు పట్టాలూ ఒకే ఎత్తులో ఉంటాయా సార్ అని. పరీక్షలో రాదులేరా అన్నాను. అంతకంటే ఘోరం ఏమిటంటే ఇంటర్మీడియట్ ఫిజిక్సులో ఆ పాఠం ఉంది. బయటి పట్టాను ఎందుకు ఎత్తుగా పెడతారో బొమ్మతో సహా మార్కుల కోసం బట్టీ పట్టించే పాఠం. మా తోటి మాస్టర్లు దాన్ని ఏటా చెప్పారు, పిల్లలు ఏటా రాశారు. ఒక చెక్కపట్టీ వంచి, చక్రం దొర్లించి, ఎత్తు పెడితే ఏమవుతుందో, తీసేస్తే ఏమవుతుందో ఒక్కరూ చూడలేదు.

బల్లమీద రైలు కట్టి ఉంటే ఆ పిల్లలు ఏం నేర్చుకునేవాళ్లో ఒక్క ఉదాహరణ చెప్తాను. బొమ్మరైలుకు కరెంటు పట్టాలలోంచే వస్తుంది. సాధారణంగా 12 వోల్టులు. ఒక పట్టా ప్లస్సు, ఒకటి మైనస్సు. పట్టాల్ని లూపులాగా తిప్పి, బండి వచ్చిన దారినే వెనక్కి పోయేట్టు కలిపితే ఎడమ పట్టా వెళ్లి కుడి పట్టాకు తగులుతుంది. షార్టు. బండి నిలిచిపోతుంది. పిల్లవాడు మొదట ఇంజన్ని తిడతాడు, తర్వాత తీగల్ని చూస్తాడు, చివరికి వేలితో పట్టాను పట్టుకుని చుట్టూ తిరిగొచ్చి, అరె ఇది దీనికే తగులుతోందే అంటాడు. లూపుకు రెండు చివరలా రెండు పట్టాల్నీ కోసి సందు పెట్టాలి. బండి లూపులో ఉండగా ఒక స్విచ్చుతో బయటి లైనులో ప్లస్సును మైనస్సు చేయాలి. ఇంతే. విద్యుత్తు మీద మేం చెప్పిన పాఠాలన్నింటికంటే ఆ ఒక్క వేలు తిరిగిన దారి ఎక్కువ నేర్పుతుంది. సింగిల్ లైనులో రెండు స్టేషన్ల మధ్య ఒక్క బండే ఉండాలన్న నియమం కూడా అంతే. మన రైల్వేలో డ్రైవరు చేతికి టోకెనుగా ఇనప గోళం ఇచ్చి పంపేవాళ్లు. గోళం చేతిలో ఉంటేనే ముందుకు పోవాలి. ఇద్దరు పిల్లలు రెండు స్టేషను మాస్టర్లుగా కూర్చుని ఒక గోళీతో ఆడుకుంటే ఆ నియమం జన్మలో మర్చిపోరు.

మా నేలనే కొలతలోకి దించినా చాలు. ఉదయగిరి కోట ఉన్న కొండ ఎత్తు సుమారు 3079 అడుగులు. 1514లో కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి గెలిచిన కోట అది. 1:87లో ఆ కొండ 35 అడుగుల పైన తేలుతుంది. ఏ గదిలోనూ పట్టదు. అప్పుడు పిల్లవాడు ఏం వదలాలో, ఏం ఉంచాలో తేల్చుకోవాలి. కొండ కొండలాగే కనిపించాలి, గదిలో పట్టాలి. రాపూరు వైపు వెలిగొండల్ని తొలిచి 6.6 కిలోమీటర్ల సొరంగం వేశారు. కృష్ణపట్నం రేవు నుంచి గుంతకల్లు వైపు పోయే గూడ్సులు గూడూరు, రేణిగుంట చుట్టు తిరగకుండా ఆ సొరంగం గుండా ఓబులవారిపల్లె–వెంకటాచలం లైను వేసి 2019 సెప్టెంబరులో ప్రారంభించారు. ఇంత పెద్ద సొరంగం మన కొండల్లో ఉంటే, అది ఎందుకు తవ్వారో చెప్పగల పిల్లలు ఆత్మకూరులో ఎంతమంది? మేం అడగలేదు గనక నాకు తెలియదు. ఆ సొరంగం నమూనాలో 76 మీటర్లవుతుంది. 309 కిలోమీటర్ల మా లైను మూడున్నర కిలోమీటర్లవుతుంది. ఈ భాగహారాలు చేయించి ఉంటే చాలు, పిల్లలకు తమ జిల్లా చేతిలోకి వచ్చేది.

డబ్బు గురించి. విదేశీ ఇంజన్లు ఖరీదే, ఒప్పుకుంటాను. ఒక్క మంచి ఇంజను కొనడానికి పదిమంది చందా వేసుకోవాలి. నాయకుల పుట్టినరోజులకు ఫ్లెక్సీలు కట్టడానికి ఆ పదిమందీ ఎప్పుడూ దొరికారు. రైలు సాధన పేరుతో వినతిపత్రాలకు, బస్సులకు, భోజనాలకు మేం పెట్టిన ఖర్చులో పిసరంత పక్కన పెట్టినా ఒక బల్ల లేచేది. బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులని 2016లో కేంద్రం పథకం పెట్టింది. ఎంపికైన బడికి 20 లక్షల దాకా సాయం. నేనెరిగిన ఒక బడిలో సామాను వచ్చింది. పాడైపోతుందని పెట్టెలు విప్పలేదు. తనిఖీకి వచ్చినప్పుడు విప్పి, మళ్లీ కట్టేశారు. తాళంచెవి అడగాల్సిన టీచర్లం మేమే, అడగలేదు.

రైలు వస్తే మా పిల్లలకు ఉద్యోగాలొస్తాయని సభల్లో చెప్పాం. ఎట్లా వస్తాయో ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. సిగ్నలు పని, పట్టాల పని, కరెంటు పని, వంతెన లెక్క, ఇవి ఎక్కడో ఒకచోట చేతికి అలవాటు కావాలి. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు బల్లమీద బండిని ఒక పట్టానుంచి ఇంకో పట్టాకు మళ్లించే పాయింటు మార్చినవాడు పెద్దయ్యాక అసలు పాయింటు దగ్గర తడబడడు. లైను మంజూరైన ఏడాది బడిలో చేరిన పిల్లలు ఇప్పుడు డిగ్రీలకు వచ్చేశారు. వాళ్ల బాల్యమంతా మేం రైలు వస్తుంది వస్తుంది అని చెప్తూ గడిపేశాం. ఒక తరం బాల్యం పోయింది. దానికి ఢిల్లీలో ఏ కార్యాలయమూ జవాబు చెప్పదు, మేమే చెప్పాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆడపిల్లల్ని ఈ లెక్కలోకే తీసుకోలేదు మేం. కరెంటు, చక్రం, రంపం మగపిల్లల పనులన్నట్టు తరగతిలో కూడా ప్రవర్తించాం. మా ప్రాంతంలో అన్నింటికంటే సన్నమైన చెక్కపని చేస్తున్నది ఆడవాళ్లే అన్న సంగతి కళ్లెదుటే ఉంది.

ఇప్పుడు కావాల్సింది పెద్దదేం కాదు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్డు షీటు, కింద సర్వి కర్రల చట్రం, పన్నెండు వోల్టుల అడాప్టరు, రాగితీగ, టంకం కర్ర, ఒక చిన్న ఇంజను. స్లీపర్లకు ఉదయగిరి చెక్క. నేర్పినందుకు ఉదయగిరి ఆడవాళ్లకు గౌరవంగా రోజుకూలి, చెంచాలకంటే మెరుగైన కూలి. కట్టాల్సింది హిమాలయాల రైలు కాదు, వింజమూరు నుంచి ఆత్మకూరు దాకా మన లైనే, బల్లకు పట్టేట్టు కుదించి. ఆత్మకూరులో బస్టాండుకు దగ్గరగా ఎండాకాలం సెలవుల్లో ఖాళీగా ఉండే గదులున్నాయి, కల్యాణమండపాల మేడమీద గదులున్నాయి, రిటైరైన మా ఇళ్లలో పైగదులున్నాయి. నా పైగదిలో పాత పరీక్ష పేపర్లు, బీరువాలు ఉన్నాయి. ముందు వాటిని ఖాళీ చేస్తున్నాను. మిగతా మాస్టర్లను, ప్లీడర్లను, ఎరువుల దుకాణాలవాళ్లను, సర్వే రాళ్ల పక్కన స్థలాలు కొన్నవాళ్లను పేరుపేరునా అడుగుతాను. ఉదయగిరికి వెళ్లి, దువ్వెన పళ్లు కోసే ఆ ఇంటి గడప దగ్గర, ఇన్నేళ్లు ఎందుకు రాలేదో ముందు చెప్పి, ఆ తర్వాతే పని గురించి మాట్లాడతాను.